వంగిన భుజానికి కోటు

1968లో సికింద్రాబాద్‌లో ఒక కోట్ల దుకాణంలో కాజాలు కుట్టే పిల్లాడిగా చేరాను. అప్పటికి నాకు 14 ఏళ్లు. ఊళ్లో మా నాన్న లాగూలు, జాకెట్లు కుట్టేవాడు. కోటు అనేదాన్ని నేను సినిమాలో తప్ప చూసి ఎరగను. మా ఉస్తాదు కంటోన్మెంటులో మిలిటరీ ఆఫీసర్లకు కుట్టి చెయ్యి తిరిగినవాడు. మొదటి ఆర్నెల్లు నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు.

మొన్న మా మనవడు ఒక నోటుబుక్కు తెచ్చి, "తాతా, నీకు తెలిసింది రాసిపెట్టరాదూ" అన్నాడు. వాడి ఒంటి మీదున్న చొక్కాకి భుజం కుట్టు మోచేతి దాకా జారింది. అదే ఫ్యాషనట. సరే, రాస్తున్నా.

1. టేపు తీసేముందే మనిషిని చూడాలి.

గిరాకీ రాగానే ఉస్తాదు కుర్చీ వేయించి, చాయ్ చెప్పి, ఊసుపోని కబుర్లు మొదలుపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. ఆ కబుర్లలోనే ఆయన కొలతలు సగం అయిపోయేవని తర్వాతెప్పుడో తెలిసింది. ఏ భుజం కిందికుంది, వీపు ఎంత వంగింది, నిలబడితే బరువు ఏ కాలి మీద వేస్తాడు, అన్నీ చూసుకునేవాడు. మెడలోంచి టేపు తీశామో లేదో, ఎంతటివాడైనా ఛాతీ విరిచి, పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆ రెండు నిమిషాల మనిషికి కోటు కుడితే, తర్వాత ఇరవై ఏళ్లు దాన్ని వేసుకునేదెవరు?

రెండు భుజాలూ సమంగా ఉన్నవాళ్లు నాకు తగిలింది తక్కువ. ఒకసారి ఒక బస్సు కండక్టరు కూతురి పెళ్లికని కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. ఏళ్ల తరబడి తోలుసంచి వేలాడిన భుజం ముప్పావు అంగుళం కిందికి దిగిపోయింది. రెండువైపులా ఒకే కోత కోస్తే అటుపక్క చంక కింద ఏటవాలుగా ముడత పడి తీరుతుంది. భుజం కోత కాస్త దించి, లోపల దూది ఒక పొర ఎక్కువ వేశాను. మొత్తం సమం చెయ్యలేదు. అది ఉస్తాదు నేర్పిన గుట్టు: పూర్తిగా సరిచేస్తే అద్దంలో ఎవరో పరాయి మనిషి నిలబడతాడు. ట్రయల్ రోజున ఆయన కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుంటూ, లేని సంచి పట్టీని అలవాటుగా భుజం మీదికి సర్దుకున్నాడు. కోటు కుదిరిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

2. రెడీమేడ్ కొనుక్కో, తప్పులేదు. భుజం మాత్రం చూసుకో.

నడుము తగ్గించొచ్చు, చేతులు కురచ చెయ్యొచ్చు, ప్యాంటు కింద మడవొచ్చు. భుజం ముట్టుకుంటే మాత్రం కాలరు, చేతులు, అస్తరు అన్నీ విప్పాల్సిందే. ఆ కూలితో ఇంకో కోటులో సగం వస్తుంది. చెయ్యి వేలాడేస్తే కోటు చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, కింద చొక్కా అర అంగుళం కనపడాలి. మనవాళ్లు బొటనవేలి దాకా దించుకుంటారు, బట్టకి డబ్బిచ్చాం గదా అని.

3. చంక ఎంత పైకుంటే చెయ్యి అంత ఆడుతుంది.

ఇది చెబితే ఒక్కరూ నమ్మరు. "చంకలో పడుతోంది మాస్టారూ, కాస్త కిందికి కొయ్యండి" అనని గిరాకీ లేడు. కిందికి కోస్తే ఏమవుతుందంటే, చెయ్యి ఎత్తినప్పుడల్లా అది కోటు పక్కల్ని పట్టుకుని పైకి లాగుతుంది. సిటీ బస్సులో పైన రాడ్డు పట్టుకున్న కోటు మనిషిని చూడండి. కాలరు చెవులదాకా లేచి, కింద బెల్టు బయటపడి ఉంటుంది. చంక పైకుంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, కోటు ఉన్నచోటే ఉంటుంది. నమ్మనివాళ్లకు రెండు కోట్లూ తొడిగి, గోడ మీది క్యాలెండరు తీయమనేవాణ్ని.

4. కోటు ప్రాణం లోపల ఉంటుంది.

పైబట్టకీ అస్తరుకీ మధ్య ఒక కాన్వాసు ఉంటుంది. ఉన్నిలో గుర్రపు వెంట్రుక కలిపి నేసినది. దాన్ని ఛాతీ భాగానికి చేత్తో కుడతాం. లాపెల్ కుట్టేటప్పుడు బట్టను ఎడమ చూపుడువేలి మీద వంచి పట్టుకుని, సూది పైబట్టలో ఒక్క దారప్పోగును మాత్రమే అందుకునేలా కుట్టాలి. ఇంకో పోగు పట్టిందా, బయట గుంట కనపడుతుంది. ఒక్కో లాపెల్‌కి వందల కుట్లు పడతాయి. వేలి వంపే లాపెల్‌లో ఉండిపోతుంది, ఎన్నిసార్లు మడిచి పెట్టెలో పెట్టినా మళ్లీ అలాగే తిరుగుతుంది. నా ఎడమ చూపుడువేలి కొసకి ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

ఇప్పుడు చాలావాటికి కాన్వాసు బదులు జిగురు పొర వేడితో అంటిస్తారు. కొన్నాళ్లకు, ముఖ్యంగా ఇస్త్రీ వేడి ఎక్కువైతే, అంటు ఊడి ఛాతీ మీద బుడగలు లేస్తాయి. కొనేటప్పుడు కింది కాజా కింద బట్టను రెండువైపులా పట్టుకుని విడదీసి చూడండి. నడుమ ఇంకో పొర విడిగా కదిలితే అది కాన్వాసు. అలాగని జిగురు కోటు పాపమేమీ కాదు. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు వేసుకునేవాడికి అదే చాలు. కాన్వాసు ధర తీసుకుని జిగురు అంటిస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

5. కింది గుండీ పెట్టుకోవద్దు. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డుకు పొట్ట పెరిగి పట్టక వదిలేస్తే, కొలువులో అందరూ వదిలేశారని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, కోటు కోతే ఆ లెక్కన ఉంటుంది. పెడితే తుంటి దగ్గర లాగుతుంది.

6. కోసిన బట్ట అతకదు.

కార్డురాయ్ ప్యాంట్లు జోరుగా నడిచే రోజుల్లో నాకు కొత్తగా కత్తెర చేతికిచ్చారు. బట్ట కలిసొస్తుందని ఒక కాలు తలకిందులుగా పరిచి కోసేశాను. కార్డురాయ్‌కి నూగు ఉంటుంది, అన్ని ముక్కలూ ఒకే వాలులో కొయ్యాలి. దుకాణంలో ట్యూబులైటు కింద ఏమీ తెలియలేదు. గిరాకీ వేసుకుని ఎండలోకి అడుగు పెట్టగానే ఒక కాలు ముదురు, ఒక కాలు లేత. ఆయన కిందికి చూసుకున్నాడు, నావైపు చూశాడు, నేను ఉస్తాదు వైపు చూశాను. ఆ బట్ట ఖరీదు మూడు నెలలు నా కూలిలోంచి విరిగింది. ఇప్పటికీ ఏ బట్ట పరిచినా ముందు అరచేత్తో ఒకసారి అటూ ఇటూ నిమిరి గానీ చాక్ పట్టను.

7. ఎవడు ఏ బట్ట ఎందుకు అడుగుతున్నాడో వినాలి.

సింపుల్‌గా ఉండటమే గొప్ప అని చెప్పేవాళ్లు మా హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను చూపిస్తారు. 1937లో టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. ఆయనేమో అరిగిన షేర్వానీ, పాత టోపీతో కాలం గడిపాడు. నాకైతే అరిగిన బట్ట కట్టుకోవడం కూడా ఒక స్థోమతే అనిపిస్తుంది. ఆ షేర్వానీలో ఆయన్ని చూసి గుమ్మం దగ్గర ఆపేవాడెవడు?

1994లో ఒక కుర్రాడు కొత్తగా ఉద్యోగం వచ్చిందని తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. "నీలం సూటు కావాలి సార్, మూడు ముక్కలది. అంబేడ్కర్ గారి విగ్రహానికి ఉంటుంది చూడండి, అట్లాంటిది" అన్నాడు. నేను నా తెలివంతా చూపించాను. మే నెల, వేస్టుకోటు ఉడకబెడుతుంది, బూడిద రంగైతే నాలుగు చోట్లకూ పనికొస్తుంది అని చెప్పుకుపోయాను. తండ్రి బల్ల అంచున, చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు. పరిచిన బట్టను అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో ముట్టుకున్నాడు. అరచెయ్యి గరుకు, సన్నబట్టకి పట్టుకుంటుందని. "సారూ, వాడు చెప్పినట్టే కుట్టు" అన్నాడు.

చెప్పులు తొడుక్కుని వీధిలో నడిచినందుకు, పంచె మోకాలు దాటి దిగినందుకు కొన్ని కులాల వాళ్లను కొట్టిన ఊళ్లు మనవి. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన అంబేడ్కర్ సూటు వేసుకున్నది షోకు కోసమని ఎవరన్నా అంటే, వాళ్లకు బట్ట గురించి ఏమీ తెలియదన్నమాట. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 125 అడుగుల విగ్రహం లేచినప్పుడు నేను చూడ్డానికి వెళ్లి లాపెల్ దగ్గరే ఆగిపోయాను, వృత్తి బుద్ధి. మా ఊరి విగ్రహానికి చెక్కినాయన కోటు కుడి అంచును ఎడమ మీదికి వేశాడు, ఆడవాళ్ల కోటులా. ఆ దారిన వెళ్లినప్పుడల్లా చేతులు దురద పెడతాయి.

ఆ కుర్రాడికి నీలం సూటే కుట్టాను, మూడు ముక్కలూ. నా బూడిద రంగు సలహా నా దగ్గరే ఉంచుకున్నాను.

8. ఫ్యాషన్ దర్జీకి లాభం, గిరాకీకి ఖర్చు.

బెల్‌బాటమ్‌ల కాలంలో అందరూ 26 అంగుళాల బాటమ్ అడుగుతుంటే ఒక లాయరుగారు 18 పెట్టమనేవారు. జనం 14కి దిగినప్పుడూ ఆయనది 18. రెండు ప్లీట్లు, బూడిద రంగు, బొడ్డు మీద నిలిచే నడుము. నాకు ఆయన మీద మిగిలిందేమీ లేదు. ఎప్పుడు చూసినా అందరికంటే బాగుండేవారు.

9. లోపల బట్ట వదలాలి.

ప్యాంటు వెనక కుట్టులో అంగుళంన్నర లోపలికి మడిచి వదలమని ఉస్తాదు తిట్టి మరీ నేర్పాడు. ఇప్పటి షాపుల్లో అర అంగుళం కూడా వదలరు.

పోయినేడు ఒక పెద్దమనిషి వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. చేతిలో నీలం సూటు. బల్ల మీద పరిచి, చేతి వెనకవైపుతో సర్దాడు. ఆఫీసు పని చేసిన చేతులు, అరచెయ్యి గరుకేమీ కాదు. నేను వెనక కుట్టు విప్పాను. లోపలి మడతలో 1994 నాటి నీలం అలాగే ఉంది, బయటి బట్ట మాత్రం వెలిసింది. వదిలితే నడుమ ఒక ముదురు చార కనపడుతుందని చెప్పాను, కోటు కింద దాగుతుందిలెమ్మన్నాను.

"ఇంకా ఎంత ఉంది మాస్టారూ?" అన్నాడు.

టేపు పెట్టి చూసి, ఈసారికి అంగుళం వదిలినా ఇంకో అర అంగుళం ఉంటుందన్నాను.