వాకిట నిలిచిన పిల్లి

పాఠశాల వార్షిక సంచికయందు ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియో, మాతృభాషాభిమానమును గూర్చియో వ్రాయుట వాడుక. ఈ సంవత్సరము నేను పిల్లిని గూర్చి వ్రాయుచున్నాను. తల్లిదండ్రులలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను దయచేసి కడవరకు చదువుడు.

మన సోలాపూరులో తెలుగువారు నివసించు తూర్పుభాగమున ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండును. మగ్గముల శాలలు, నూలు నిలువచేయు గదులు, అటుకలు, రేకుల కప్పులు—ఎలుకలకును పిల్లులకును ఇంతకంటె అనువైన తావు వేరొకటి లేదు. కావున ఏదో యొకనాడు ముక్కుమొగము తెలియని పిల్లి మీ గడపవద్ద నిలిచి అరవక తప్పదు. అప్పుడు మీరేమి చేయుదురో మీ పిల్లలు చూచుచుందురు. నేను చేసిన పనిని కూడ పిల్లలే చూచిరి. మొదట దానిని చెప్పెదను.

2019 జూన్ మాసమున బడి తెరచిన కొలది దినములకే ఒక చారల పిల్లి మధ్యాహ్నభోజనము వండు గదివద్దకు రాసాగెను. మనిషిని చూచి బెదరదు. తోక నిలువుగా ఎత్తి కాళ్ళకు రాచుకొనును. అన్నములో వెండ్రుకలు పడునని ఇద్దరు తల్లులు వచ్చి చెప్పిరి. వారి మాటలో తప్పు లేదు. తప్పు నాది. నేను రెండవ ఆలోచన చేయక, దానిని గోనెసంచిలో పట్టించి, నాలుగైదు కిలోమీటర్ల దూరమున ధాన్యపు కొట్లున్నచోట విడిపించితిని. అచ్చట ఎలుకలు సమృద్ధిగా నుండును, దానికి లోటులేదని నాకు నేను సమాధానము చెప్పుకొంటిని.

మూడవనాడు నాల్గవ తరగతి పిల్లలు పాత పలకలు, జెండాకర్రలు ఉంచు గది అటుకమీదినుండి సన్నని అరుపు వినవచ్చుచున్నదని చెప్పిరి. నిచ్చెన వేసి చూడగా చింకిగోనెలపై నాలుగు పిల్లలున్నవి. కన్నులు అప్పుడప్పుడే విచ్చుకొనుచున్నవి. వానిలో రెండు అదివరకే చనిపోయినవి. క్రింద నిలిచియున్న బాలుడొకడు "సార్, వీటి తల్లి యేడున్నది?" అని యడిగెను. ముప్పది యేండ్లుగా పిల్లల ప్రశ్నలకు ఉత్తరములు చెప్పుచున్న నాకు ఆనాడు నోట మాట రాలేదు. వెంటనే ఆ కొట్లవద్దకు పోయి చీకటి పడువరకు వెదకితిని, మఱునాడును వెదకితిని. పిల్లి దొరకలేదు. మిగిలిన రెండింటిలో ఒకటి ఆ రాత్రియే పోయినది. ఒకదానిని మాత్రము మన ఆయమ్మ తన కొంగులో వెచ్చగా నుంచుకొని, పశువైద్యుడు చెప్పిన ప్రకారము రెండు మూడు గంటల కొకమారు దూదితో పాలపొడి ద్రవము పట్టి బ్రదికించెను.

కథ ఇంతటితో ముగియలేదు. ఇరువది దినముల తరువాత బీడీలు చుట్టి జీవించు వృద్ధురాలొకతె బడికి వచ్చి, తన చారల పిల్లి కనబడుట లేదనియు, మెడలో నల్లదారము కట్టితిననియు చెప్పెను. ఆ దారమును నేను చూచితిని. చూచి కూడ దాని యర్థమును ఆలోచింపలేదు. జరిగినదంతయు ఆమెకు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "పోనీ సారూ, తెలువక చేసిండ్రు" అనినది. తిట్టియుండిన బాగుండెడిదని నాకు తోచెను.

ఇక విషయమునకు వచ్చెదను. గడపలోనికి వచ్చిన పిల్లిని చూడగానే మనము దానిని దిక్కులేనిదని తలంతుము. అది నిజము కాకపోవచ్చును. ఒక యింట పెరుగుచు పది యిండ్లు తిరుగు పిల్లులు మన వీథులలో చాల కలవు. కొన్ని దారి తప్పినవి. కొన్నిటికి పుట్టినది మొదలు యజమాని యనువాడే లేడు. ఈ మూడింటిని వేరుపరచుటకు కొంత ఓపిక కావలెను. మనుష్యుల పొందు తెలిసిన పిల్లి కంటిలో కన్ను పెట్టి చూచును, అరచి పిలుచును, తోక నిటారుగా నుంచును. వీథిలోనే పెరిగినది నేలకు కరచుకొని, నోరెత్తక, మనము తొలగిపోయిన పిమ్మట మాత్రమే తినును. అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. ఇల్లు తప్పిన పెంపుడు పిల్లి మొదటి దినములలో భయముచేత అడవిపిల్లివలెనే ప్రవర్తించును. కావున ఒక్క పూట చూచి తీర్పు చెప్పరాదు. నాలుగు దినములు చూడవలెను. ఒళ్ళు నిగనిగలాడుచు, వేళకు వచ్చి వేళకు పోవునదియైనచో దానికి ఇల్లున్నదనియే అనుకొనవలెను. ఎముకలు తేలి, రోమములు చిక్కుపడి, మీ వాకిలి విడువకుండినచో తప్పిపోయినదని అనుమానింపవచ్చును. మెడలో దారము, పూస, గంట ఉన్నవేమో చూడుడు. చిన్నప్పుడు కట్టిన దారము మెడ పెరిగిన కొలదియు చర్మములోనికి కోసుకొనిపోవుటయు కలదు. అట్టిదానిని మీరు లాగక పశువైద్యునికి చూపవలెను. ఒక చెవి కొన తిన్నగా కత్తిరింపబడియున్నచో ఎవరో దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిరని గుర్తు.

యజమానిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఇల్లు తప్పిన పిల్లులను గూర్చి ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ప్రచురించిన యొక పరిశీలనలో, తిరిగి దొరకిన పిల్లులలో నూటికి డెబ్బదియైదు తప్పిపోయిన చోటినుండి అర కిలోమీటరు లోపలనే యున్నట్లు తేలినది. మన లెక్కలో చెప్పవలెనన్న ప్రక్క సందు, దాని ప్రక్క సందు. అన్నిటికంటె సులభమైన ఉపాయము కాగితపు పట్టీ. వ్రేలెడు వెడల్పు గల కాగితపు ముక్కపై "ఈ పిల్లి మీదేనా? దయచేసి తెలుపుడు" అని వ్రాసి, ఫోను నంబరు వేసి, మెడచుట్టు రెండు వ్రేళ్ళు దూరునంత వదులుగా చుట్టి, కొనలను జిగురు కాగితముతో అతికింపవలెను. దారము గాని, రబ్బరు గాని వాడరాదు. ఎక్కడనైన తగులుకొన్నచో కాగితము చినిగిపోవును, దారము గొంతు బిగించును. చేతికి లొంగని పిల్లిని బలవంతముగా పట్టి కట్టవలదు. పట్టీతో పోయిన పిల్లి వారము దినములైనను అదే పట్టీతో తిరిగి వచ్చుచుండినచో దానికి వేరొక యిల్లు లేదని చాలవరకు నమ్మవచ్చును.

ఆ పట్టీమీద ఏ భాషలో వ్రాయవలెనని మా పిల్లలడిగిరి. మంచి ప్రశ్న. మన వీథిలో పిల్లికి నాలుగు పేర్లు—మనకు పిల్లి, మరాఠీవారికి మాంజర్, కన్నడిగులకు బెక్కు, ఉర్దూ మాటలాడువారికి బిల్లీ. మనము తెలుగులో మాత్రమే వ్రాసి గోడ కంటించినచో ఆ పిల్లి తెలుగువారిదైన యప్పుడే ఇల్లు చేరును. మాతృభాషను కాపాడుకొనుట మన సంఘమునకు ప్రాణప్రదమే; కాని నలుగురి భాషలో నాలుగు వాక్యములు వ్రాయలేని పిల్లవాడు ఈ ఊరిలో తన ప్రక్కయింటివానికే పరాయివాడగును. పట్టీకి ఒకవైపు మరాఠీ, ఒకవైపు తెలుగు వ్రాయించితిమి. కన్నడము, ఉర్దూ గోడ ప్రకటనలో చేర్చితిమి.

నేను పొరబడిన చోటు ఇప్పుడు చెప్పవలసియున్నది. పిల్లి పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పిన మాట ఊరకనే పుట్టలేదు. ఈనిన పిల్లి తనకు అలజడి తోచినప్పుడెల్ల పిల్లలను మెడపట్టి నోట కరచుకొని క్రొత్త చోటికి మార్చును. శ్రీవైష్ణవులు మార్జాలకిశోర న్యాయమని చెప్పునది దీనినే: కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును, పిల్లి పిల్లను తల్లియే పట్టుకొనును. కావున ఆడుపిల్లి ఒకటి ఆకలితో మీ యింటికి పదేపదే వచ్చి తిని, తొందరగా ఒకే దిక్కునకు పోవుచుండినచో దాని పొట్టను చూడుడు. చన్నులు ఉబ్బి, వాని చుట్టు రోమములు ఊడియున్నచో పిల్లలు దగ్గరలోనే యున్నవి. అట్టిదానిని ఎంత మాత్రమును కదలింపరాదు. పిల్లలకు కన్నులు తెరచుటకు వారమునుండి రెండు వారములు పట్టును. నాలుగు వారములవరకు తల్లిపాలే గతి. ఎనిమిది వారములకు గాని పూర్తిగా విడిగా బ్రదుకలేవు. అదేవిధముగా, ఒంటరిగా పడియున్న పిల్లికూనలు కనబడగానే "అయ్యో, దిక్కులేనివి" అని ఎత్తుకొని రావలదు. తల్లి ఆహారమునకై పోయియుండును. దూరముగా నిలిచి కొన్ని గంటలు చూడుడు. తల్లి రాకపోయినను, అవి చల్లబడినను అప్పుడు పైపంచెలో చుట్టి వెచ్చగా నుంచి పశువైద్యశాలకు కొనిపోవలెను.

భోజనమును గూర్చి. పిల్లికి పాలే ఆహారమని మనమందరము నమ్ముదుము. పెరిగిన పిల్లులలో పెక్కింటికి ఆవు పాలు, గేదె పాలు అరుగవు, విరేచనములగును. మంచినీరు ముఖ్యము. ఏప్రిల్, మే మాసములలో మన యూర ఎండ నలుబది డిగ్రీలు దాటును. వాకిట మట్టిమూకుడులో నీరుంచుట ఒక్కటే చాలు ప్రాణము నిలుచుటకు. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. టారిన్ అను పదార్థము మాంసమునుండియే దానికి లభించును. అది చాలకపోయిన యెడల కన్ను, గుండె చెడును. కేవలము పెరుగన్నముతో పిల్లిని పెంచవచ్చునని శాకాహారుల యిండ్లలో తలంచుట పొరపాటు. అట్టివారు నీరుంచి, మాంసాహారుల యింటికి కబురంపిన మేలు. పెట్టువారు ఉడికించిన కోడిమాంసమును, ముల్లు తీసిన చేపను ఉప్పు కారము లేక పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర దాని రక్తమును చెఱచును. జబ్బుగా నున్నదని మనము వాడు పారాసిటమాల్ మాత్ర నూరి పోయువారున్నారు. ఒక్క మాత్రయే దానిని చంపగలదు. నేల తుడుచు ఫినాయిలు తడిమీద నడచి పాదములు నాకుకొనినను ప్రమాదమే. ఎలుకల మందు పెట్టిన యింట పిల్లిని రానీయరాదని వేరుగా చెప్పవలెనా?

ఇంత చెప్పి పిల్లలమాట మఱచుట తగదు. కొత్త పిల్లిని ఐదారేండ్ల బిడ్డ ఒడిలో కూర్చుండబెట్టుకొననీయకుడు. తినునప్పుడు ముట్టరాదు, తోక లాగరాదు. పిచ్చి కుక్కకే గాని పిల్లికి రాదని కొందరందురు, అది అబద్ధము. పిల్లి కరచినను, గోళ్ళతో గీరినను, ఆ చోటును సబ్బుతో, కుళాయి ధారక్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు. అదే దినమున ఆసుపత్రికి పోవలెను. ప్రభుత్వాసుపత్రులలో సూదిమందు లభించును. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయుదురను భయముచేత దాచిపెట్టు పిల్లలు నేటికిని కలరు. ఆ పాత మందు వాడుక 2005 నాటికే మన దేశమున నిలిచిపోయినది. ఇప్పుడు నాలుగైదు సూదులు, అవియు భుజమునకే. కొట్టుదుమను భయముతో బిడ్డ గాయమును దాచుకొనినచో ఆ దోషము మనది.

పిల్లి యెదురైన శకునమును గూర్చి నేను వాదింపబోను. శకునము నమ్మువారు రెండు నిమిషములు ఆగి పోవుదురు, దానివలన పిల్లికి నష్టము లేదు. రాళ్ళు వేయుట మాత్రము నేరము. రాజ్యసభ సభ్యురాలుగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితముగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టము వచ్చినది. జంతువును కొట్టి హింసించుటయే గాక, సరియైన కారణము లేక ఆకలిదప్పులకు గురియగు విధమున విడిచివేయుటయు ఆ చట్టము ప్రకారము శిక్షార్హము. గోనెసంచితో మోటారుసైకిలెక్కించిననాడు నాకీ విషయము తెలియదు. తెలిసియుండిన ఆగియుందునా యని నన్ను నేను అడుగుకొనుచుందును.

ఎవరును రానప్పుడు పిల్లిని ఉంచుకొనుటయా, మానుటయా అనునది ఇంటివారి స్థోమతను బట్టి యుండును. ఉంచుకొనువారు రేబీస్ నివారణ టీకాతోపాటు సంతాన నిరోధక శస్త్రచికిత్స తప్పక చేయింపవలెను. ఆడుపిల్లి అయిదారు మాసములకే చూలు దాల్చగలదు. తొమ్మిది వారములకు ఈనును. పిల్లలు పాలు త్రాగుచుండగనే మరల చూలు దాల్చుటయు కలదు. ఏడాది తిరుగునప్పటికి ఇంటివారు విసిగి గోనెసంచి వెదకుదురు. ఉంచుకొనలేనివారు నీరు పెట్టి, పట్టీ కట్టి, ఇరుగుపొరుగున అడిగినను చాలును.

ఆయమ్మ పెంచిన పిల్లి ఆమె యింటనే యున్నది. 2022 శీతకాలమున బడికి మఱియొక పిల్లి, బూడిదరంగుది, వచ్చెను. ఈసారి దానిని ఎవరును పట్టలేదు. తెలుగులో ఎంత పిలిచినను చెవి కదలింపలేదు. ప్రక్క సందులోని మరాఠీ బాలుడొకడు గేటువద్ద నిలిచి "మనీ, మనీ" అని పిలువగానే తల త్రిప్పినది. వారి పిల్లలు పిల్లిని ముద్దుగా పిలుచు పేరది. ఐదవ తరగతి బాలికలు పట్టీ వ్రాసి కట్టిరి. రెండవనాడు అది అదే పట్టీతో మరల వచ్చినది. కాగితము వెనుకవైపున మరాఠీలో ఎవరో వ్రాసిరి: "మాదే. రోజూ మధ్యాహ్నము ఎక్కడికి పోవుచున్నదో మాకును ఇప్పుడే తెలిసినది."