మొదటి వేటకు వెళ్లే మేనల్లుడికి

యాంకరేజ్, ఫిబ్రవరి



సెప్టెంబర్లో నిన్నూ మీ నాన్ననీ కారిబూ జింకల వేటకు తీసుకెళ్తానని మాటిచ్చాను. నువ్వు రాసి పంపిన ప్రశ్నలన్నీ తుపాకీ గురించే ఉన్నాయి. పద్నాలుగేళ్ల వయసులో అది సహజమే. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు బూట్లు, పడక, రోజుల లెక్క తేలాలి.

మీ బావకి పదమూడేళ్లప్పుడు వాణ్ణి ఉత్తరాన బ్రూక్స్ కొండల వైపు తీసుకెళ్లాను. అయిదే రోజులు పెట్టుకున్నాను. ఆరో రోజు పొద్దున్నే తిరుగు విమానం. అందులో మూడు రోజులు వాన ముంచెత్తింది. వాడు జీన్స్ వేసుకుని వచ్చాడు, వద్దని చెప్పాలని నాకు తోచలేదు. తడిసిన నూలు బట్ట అక్కడ ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. కొత్త బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కాయి. చివరి సాయంత్రం బాగా దూరంలో ఒక పోతు కనిపించింది. తెల్లవారితే విమానం ఉందన్న తొందరలో గైడూ నేనూ ఇద్దరం "కొట్టు" అన్నాం. వాడు వణుకుతూ పేల్చాడు. తూటా పొట్టలో దిగింది. చీకటి పడేదాకా వెతికి, మర్నాడు విమానం వదులుకుని, మధ్యాహ్నానికి దాన్ని పట్టుకోగలిగాం. మాంసం చాలావరకు పాడైపోయింది. వాడు మళ్లీ వేటకు రాలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

అందుకే ఈసారి సుఖంగా వెళ్దామంటున్నాను. సుఖమంటే నా దృష్టిలో తొందర లేకపోవడం. వేటకు ఏడు రోజులు, వాతావరణం కోసం ముందో రోజు, వెనక రెండు రోజులు. చిన్న విమానాలు మబ్బు దిగితే ఎగరవు. నీకు స్కూలు పోతుందని మీ అమ్మ అంటుంది. ఆమెతో నేను మాట్లాడతాను.

నువ్వు అమెరికా పౌరుడివి కాబట్టి కారిబూకి గైడు ఉండి తీరాలన్న నియమం నీకు లేదు. ఇండియా నుంచి మీ బాబాయి వచ్చి తుపాకీ పట్టాలంటే మాత్రం రిజిస్టర్డ్ గైడు తప్పనిసరి. అయినా గైడుని పెట్టుకుందామంటున్నాను, ఎందుకంటే నేను గిన్నెలు తోముతూ డేరా తాళ్లు బిగిస్తూ ఉంటే నీ పక్కన కూర్చునేదెవరు? గైడుతో మాట్లాడేటప్పుడు నువ్వే ఫోన్ పట్టుకుని అడుగు: డేరాలో పొయ్యి ఉంటుందా, తడి బట్టలు ఆరేసుకునే చోటుందా, నేల మీద పడుకోవాలా మంచం ఉంటుందా, శాటిలైట్ ఫోన్ ఉందా, ఇదివరకు నీ ఈడు పిల్లల్ని తీసుకెళ్లాడా, ఏమీ దొరక్కపోతే ఏం చేస్తాడు. ఆ చివరి ప్రశ్నకు "తప్పకుండా దొరుకుతుంది" అనేవాడు మనకు వద్దు.

ఏ మంద దగ్గరికి వెళ్లాలన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. పశ్చిమ ఆర్కిటిక్ మందలో 2003లో 4,90,000 తలలు ఉండేవి, 2023 నాటికి 1,52,000కి పడిపోయాయి. ఒకప్పుడు పేరుమోసిన ముల్చట్నా మంద మీద వేటే ఆపేశారు. ఇండియాలో 1972 చట్టం కింద వేట నేరం కదా, అక్కడెందుకు ఒప్పుకుంటారని మీ అమ్మ అడిగింది. ఇక్కడ తలలు లెక్కపెట్టి, మిగులు ఉన్నచోటే అనుమతి ఇస్తారు, తగ్గితే మూసేస్తారు. పోయినేటి మాట నమ్మి డబ్బు కట్టకుండా, అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ ఈ ఏటి నియమాల పుస్తకం తెరిచి చూడు. బయటి రాష్ట్రం వాళ్లకు లైసెన్సు 160 డాలర్లు, కారిబూ ట్యాగు 650. పిల్లవాడివైనా నీకూ అంతే.

సెప్టెంబర్ మొదటి వారాలే ఎందుకంటావా? జులైలో దోమలు ప్రాణం తోడేస్తాయి. అక్టోబరులో పోతులు ఎదకొచ్చి మాంసం కంపు కొడుతుంది. మధ్యలో ఉన్నదే మన కాలం.

టండ్రా మీద నడక నీకు కొత్త. కోసిన వరి మళ్లో కొయ్యకాళ్ల మీద నడిచినట్టుంటుందని చెబుదామంటే నువ్వు అదీ చూడలేదు. మోకాలెత్తు గడ్డి బొడిపెలు, వాటి మధ్య నీళ్లు. బొడిపె మీద అడుగేస్తే పక్కకు ఒరుగుతుంది, పక్కన వేస్తే పిక్కదాకా దిగుతుంది. మైలు దాటడానికి గంట పట్టొచ్చు. అందుకని బూట్లు ఇప్పుడే కొనుక్కుని, వీపు మీద సంచితో వారానికి నాలుగుసార్లు నడువు.

ఇక తుపాకీ. 7ఎంఎం-08 చాలు, భుజాన్ని గట్టిగా తన్నదు. తన్నుకు భయపడ్డ పిల్లవాడు మీట నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు. కూర్చుని, కర్రల మీద ఆనించి, పరుగెత్తి వచ్చి ఆయాసంతో ఉన్నప్పుడు కూడా కాగితం పళ్లేన్ని ప్రతిసారీ కొట్టగలిగే దూరమే నీ దూరం. అది 150 గజాలైతే 150 గజాలే. జంతువు అడ్డంగా నిలబడాలి, ముందుకాలి వెనక గురి. దాని వెనక మరోటి ఉంటే ఆగు, తూటా దూసుకుపోయి దానికీ తగులుతుంది. మీ టెక్సాస్‌లోనే వేట శిక్షణ కోర్సు ఈలోపు పూర్తిచెయ్యి.

విమానం దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు దాటాకే. ఆ రోజు ఊరికే కూర్చుని చూడు. ఇక్కడి మూలవాసులైన ఇన్యూపియాట్ పెద్దలు ముందు నడిచే కారిబూలను పోనిస్తారు, అవి బెదిరితే వెనకవి దారి మార్చేస్తాయని. దగ్గరగా వెళ్తున్నప్పుడు చెవి పెట్టు: అడుగడుగుకీ కాలి స్నాయువు ఎముక మీద జారి టిక్కు టిక్కుమంటుంది. మందంతా కదిలితే చిరుజల్లు పడ్డట్టే ఉంటుంది. కొమ్ములున్నవన్నీ పోతులే అనుకోకు, ఇందులో ఆడవాటికీ కొమ్ములుంటాయి.

దొరికితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. పెద్ద పోతు 350 నుంచి 400 పౌన్ల దాకా తూగుతుంది. మాంసం ముందు, కొమ్ములు ఆఖరున మోయాలి, చట్టమూ అదే. చర్మం ఒలవడం, మాంసం గాలికి వేలాడదీయడం గైడు చేస్తుంటే చూస్తూ నిలబడొద్దు, ఒక కాలు నువ్వు పట్టుకో. మొదటి వేటను పెద్దలకు ఇచ్చేయడం ఇక్కడి ఇన్యూపియాట్ కుటుంబాల్లో ఆచారం. మనమూ ఒక తొడ దగ్గరి ఊళ్లో పెద్దావిడకు ఇద్దాం, నీ చేత్తోనే.

దొరక్కపోతే ఏడు రోజులు పొయ్యి పక్కన వేడన్నంలో మీ అత్తయ్య పెట్టిన ఆవకాయ కలుపుకుని తిని వచ్చేద్దాం. ఆ మాట నువ్వు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే గైడుకి అడ్వాన్సు పంపుతాను. ఆదివారం నాన్నతో కూర్చుని మాట్లాడి, నీ జవాబు నువ్వే రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య