బరువు తగ్గింది, మరి ఈ తిమ్మిర్లేమిటి?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను. బరువు బాగా తగ్గాక విటమిన్ మాత్రలు మానేశాను. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, బీచ్ రోడ్డులో కాస్త నడిచినా ఆయాసం. మళ్లీ మాత్రలు మొదలుపెట్టనా?
– ఒక పాఠకురాలు, రుషికొండ

జవాబు: మొదలుపెట్టాలమ్మా, కానీ ముందు రక్తపరీక్ష. తిమ్మిర్లంటే మొదటి అనుమానం బి12 లోపం మీదే. అది ఒంటబట్టడానికి పొట్టలోని ఆమ్లం, అక్కడే తయారయ్యే ఓ ప్రొటీన్ కావాలి. బైపాస్ తర్వాత ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు. కాలేయంలోని నిల్వలతో కొన్నేళ్లు గడిచిపోతాయి, అందుకే మానేసినా ఏమీ కాలేదనిపిస్తుంది. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొనుక్కుని వేసుకోకండి. రక్తహీనత తగ్గినట్టే ఉంటుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

ఆయాసానికి ఐరన్ లోపం కారణం కావచ్చు. ఫెరిటిన్ చూపించుకోండి, గుండె పరీక్ష కూడా వదలొద్దు. విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు ఏటా చేయించాలి, జీవితాంతం. మీకు కాల్షియం సిట్రేట్ మేలు. దానికీ ఐరన్ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకోగానే టీ తాగడం మన ఇళ్లలో మామూలే, అది మానండి.

ప్రొటీన్ రోజుకు 60 గ్రాములైనా అందాలి. గుడ్డులో ఉండేది ఆరే. కంచంలో వంజరం ముక్క ముందు, అన్నం తర్వాత. ఎప్పుడైనా వాంతులు ఆగకపోతే థయమిన్ పడిపోతుంది; ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.