ఊరు మారినా నడిచే ప్రోగ్రాం

మనకు బదిలీలు కొత్త కాదు. పాత క్వార్టర్ కర్టెన్లు కొత్త క్వార్టర్ కిటికీలకు సరిపోవు. ప్రోగ్రాములకూ ఇదే చిక్కు.

ఈ ఏడాది మా తరగతిలో చేరిన ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో పైథాన్ స్క్రిప్టు తెచ్చుకుంది. తెలుగు పదం ఇస్తే అది గురులఘువులు గుర్తిస్తుంది. పాత బడిలో విండోస్‌లో చక్కగా నడిచింది. మా ల్యాబ్‌లోని లినక్స్‌లో కదలనంది. "నేనే తప్పు రాశానేమో మేడమ్, ప్రదర్శనలో నా పేరు తీసేయండి" అంది. ఇద్దరం కూర్చుని వెతికాం. గురులఘువుల లెక్కలో తప్పేమీ లేదు. చిక్కులు వేరేచోట ఉన్నాయి.

1. మొదటి వరుస: హాష్, ఆశ్చర్యార్థకం గుర్తులతో మొదలయ్యే ఈ వరుసను బట్టే ఫైలును దేనితో నడపాలో లినక్స్ తెలుసుకుంటుంది. అక్కడ పాత కంప్యూటరులోని సి డ్రైవ్ చిరునామా ఉంది. దాని బదులు 'ఎన్వ్' దారి, పక్కన 'పైథాన్3' అని రాశాం. పైథాన్ ఏ ఫోల్డరులో ఉందో ఎన్వ్ వెతికి పెడుతుంది. విండోస్ అయితే ఫైలు పేరు చివరి 'డాట్ పీవై' చూసి పైథాన్‌ను పిలుస్తుంది.

2. వరుస చివర: విండోస్ పద్ధతిలో వరుస చివర 13, 10 సంఖ్యల గుర్తులు రెండుంటాయి. లినక్స్‌కు 10 ఒక్కటే చాలు. కంటికి కనబడని 13 'పైథాన్3' పేరుకు అతుక్కుంటే, అలాంటి ప్రోగ్రామే లేదంటుంది. ఎడిటర్‌లో వరుస ముగింపును 'ఎల్ఎఫ్'గా మార్చి సేవ్ చేశాం.

3. ఫైలు దారి: పదాల ఫైలు దారిలో బ్యాక్‌స్లాష్ ఉంది. లినక్స్ వాడేది స్లాష్. పైథాన్‌లోని 'పాత్‌లిబ్'తో రాస్తే రెండుచోట్లా కుదురుతుంది. పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలు లినక్స్‌కు వేర్వేరు, అవీ సరిచూశాం.

4. లిపి: ఫైలు తెరిచేచోట 'యూటీఎఫ్-8' అని చెప్పకపోతే ఒకచోట కనబడిన తెలుగు మరోచోట చెడిపోవచ్చు. ఇది ఆమె ముందే రాసుకుంది!

చివరగా 'సీహెచ్‌మాడ్' ఆజ్ఞతో ఫైలుకు నడిచే అనుమతి ఇచ్చాం. 'అమ్మ' అని టైపు చేసింది. 'గురువు, లఘువు' అని తెర మీద వచ్చింది. పేరు తీసేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

చేసి చూడండి: మీ స్క్రిప్టును వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడపండి. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో నోటుపుస్తకంలో రాయండి. సామాను కట్టేరోజు దాకా ఆగకండి, ఇప్పుడే చూసుకుందాం.