ఇంటియందు మోటారు సైకిలు సంరక్షణము

సండూరు వీధులలో బడివేళకు నిలిచి చూచినచో, మన పిల్లలలో ఎందరో తండ్రుల మోటారు సైకిళ్లపై వచ్చుట కానవచ్చును. పుస్తకముల సంచిని, అన్నపు డబ్బాను ప్రతి ఉదయము సరిచూచు మనము, ఆ బిడ్డను మోయు బండిని ఎన్నాళ్లకొకసారి చూచుచున్నాము? పాఠశాల సంచికలో ఇట్టి పాఠమేల యని శంకించువారికి ఈ ప్రశ్నయే మా సమాధానము.

మన యూరి ధూళి తక్కిన యూళ్ల ధూళివంటిది కాదు. ఈ కొండలలోని ఖనిజము హెమటైటు, అనగా ఇనుప ఆక్సైడు. నగలకు మెరుగుపెట్టుటకు వాడు రూజు అను ఎర్రపొడియు ఈ పదార్థమే. బంగారమును అరగదీసి నునుపు చేయునది చైనును విడుచునా? గ్రీజుపై ఈ ధూళి చేరి, రెండును కలసి సానపెట్టు ముద్దవలె మారి, లింకుల లోపలి పిన్నులను, పళ్లచక్రములను తినివేయును. కావున మన ప్రాంతమున చైనునకు మందముగా గ్రీజు పూయరాదు. శుభ్రపరచి, పలుచని నూనె వేసి, మిగులు నూనెను గుడ్డతో తుడిచివేయవలెను.

మా యింట రెండు బండ్లు కలవు. ఒకటి మా తండ్రిగారి కాలపు యెజ్డీ. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో జావా బండ్లను చేయ నారంభించి, 1973 నుండి యెజ్డీ పేరున వెలువరించి, 1996లో మూతపడెను. ఆ బండి చైను మొత్తము మూతపెట్టెలో నుండును. కిక్కు కొట్టు కాడయే గేరు మార్చు కాడ! రెండవది నేటి నాలుగు స్ట్రోకుల బండి. దాని చైనునకు పైభాగమున మాత్రమే రేకు కలదు. చైను విషయమున క్రొత్తదానికే ఎక్కువ సేవ చేయవలసి వచ్చుట వింతయే.

ఒక వానకాలపు ఆదివారమున మేము క్రొత్తబండి చైనును బిగించితిమి. అందుకై వెనుక ఇరుసును వెనుకకు జరుపుదుము గదా! చక్రము జరుగగా బ్రేకు కడ్డీయు బిగుసుకొనును. దానిని మరల వదులు చేయవలెను. మేమది మరచితిమి. మరునాడు పెద్దమ్మాయిని వెనుక కూర్చుండబెట్టుకొని హోసపేట మార్గమున దిగుచుండగా, "నాన్నా, ఏదో కాలిన వాసన వస్తోంది" అనెను. బండి నాపి, వెనుక డ్రమ్ముపై నీటిచుక్క వేయగా చుయ్యిమనెను. పెడలు నొక్కినను బ్రేకు సరిగా పట్టదాయెను. దినమెల్ల రాచుకొని వేడెక్కిన బ్రేకు పట్టు సడలుట సహజమే. చల్లారువరకు చెట్టునీడన నిలిచి, కడ్డీ మరను వదులుచేసి, మెల్లగా ఇల్లు చేరితిమి. తప్పు పూర్తిగా మాదే. నాటినుండి చైను ముట్టిన ప్రతిసారి చక్రమును చేతితో త్రిప్పి, అది తడబడక తిరుగుట చూచిన పిమ్మటనే బండిని స్టాండు దింపుచున్నాము.

ఆదివారమున మొదటి పని వసారా ఊడ్చి గోనె పరచుట. విప్పిన నట్టులను, మరచీలలను పాత పళ్లెములో విప్పిన వరుసనే పెట్టవలెను; ఈ యొక్క నియమముతో ఇంటిలో సగము కేకలు తగ్గును. తాళము తీసిన తరువాతనే చైను తుడువవలెను. ఇంజను నడుచుచుండగా గుడ్డ పట్టినచో వ్రేళ్లు పోవును. కడుగుటకు కిరసనాయిలు చాలును (మా యింట పెద్దలు సీమనూనె యందురు). పిల్లలు దగ్గరనుండగా పెట్రోలు వాడరాదు. చైను నడిమిభాగము పైకి క్రిందికి సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు ఆడవలెను. సరియైన కొలత బండి పుస్తకమున నుండును. ఎయిర్ ఫిల్టరునకు ఆ పుస్తకము చెప్పు గడువు మామూలు దారులకు. మేము సగము గడువుకే విప్పుచున్నాము. బ్రేకు డ్రమ్ములోని పొడిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక తడిగుడ్డతో తీయవలెను.

వెనుక కూర్చుండువారి విషయమున చట్టమే కొంత చెప్పినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది చేతిపట్టును, కాళ్లు మోపు కడ్డీలను, వెనుక చక్రము సగమునకు తక్కువ కాని కప్పును కోరుచున్నది. అందమునకై ఆ కప్పును తీయించువారిని చూచుచున్నాము. తల్లి చీరకొంగు, బాలిక ఓణీ అందు చిక్కుకొన్ననాడు ఆ యందమేమగును? నాలుగేండ్ల లోపు పిల్లలకు నడుపువానితో కట్టు పట్టీ, హెల్మెట్టు ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరి నుండి నియమమున్నది.

ఈ పనివలన మేము కోరని లాభమొకటి కలిగినది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు పోగా, ఇటు నిలిచిన తెలుగు కుటుంబములలో మాదియొకటి. మా పిల్లలు వీధిలో కన్నడము, తరగతిలో ఇంగ్లీషు మాటలాడుదురు. తెలుగు వంటయింటి భాషగా మిగులుచున్నదని మాకు దిగులు. తాతగారు వసారాలో కుర్చీ వేసికొని ఎడ్లబండి మాటలతోనే మోటారు సైకిలును వర్ణింతురు. ఆయనకు స్పోకులు ఆకులు, ఇరుసు నట్టునకు గ్రుచ్చు పిన్ను కడచీల. ఇప్పుడు చిన్నవాడు "తాతా, కడచీల వంగిపోయింది, కొత్తది వేయాలి" అని చెప్పుచున్నాడు. ఆ మాట ఏ వాచకమునందును వానికి దొరకలేదు.

సాయంకాలమునకు పాతనూనెను డబ్బాలో పోసి మూత బిగింతుము. కాలువలో పోయము, వర్క్‌షాపునకు ఇచ్చెదము. పెద్దమ్మాయి గోడమీది క్యాలెండరుపై బండి తిరిగిన కిలోమీటర్లు వ్రాయును. పిమ్మట ఒంటరిగా వీధి చివరివరకు నడిపి, రెండు బ్రేకులు పట్టి చూచి, బండిని వాకిట నిలుపుదుము.