మిద్దె చుట్టు పిట్టగోడ

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:33, 34

ఈ మాసము మన పాఠము ధర్మశాస్త్రములోని ఒక చిన్న ఆజ్ఞ. క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల పైనుండి ఎవడైన పడి చచ్చినచో ఆ దోషము ఇంటివానిమీదికి వచ్చుననియు దాని భావము. యూదుల ఇండ్ల మిద్దెలు చదునైనవి. రాహాబు జనుపకట్టె పరచినది మిద్దెమీదనే; పేతురు ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. బోధను, ఆర్మూరు ప్రాంతముల వారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. మిరపకాయలు ఆరవేయుటకును వేసవి రాత్రులు పండుకొనుటకును మనమును మిద్దెయే ఎక్కుదుము.

ఇందులో ఒక సంగతి గమనింపుడు. పడినవాడు నిద్రమత్తులో నుండెనా, అజాగ్రత్తగలవాడా, ఎవరి మాటయు విననివాడా అని ఆజ్ఞ మొదట అడుగలేదు. ఇల్లు కట్టినవానిని అడిగినది. నిర్గమకాండములోని ఆజ్ఞయు అట్టిదే. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, దానిలో పరుల ఎద్దు గాని గాడిద గాని పడినయెడల నష్టము ఇచ్చుకొనవలెను. ఎద్దు చూచి నడువరాదా అను వాదమునకు అక్కడ చోటు లేదు.

ఈ రెండు ఆజ్ఞలను ఈ దినములలో మన ఇండ్లలో ఫోనుమీద జరుగుచున్న జూదమునకు వర్తింపజేసి చూతము. రమ్మీ అనియు, క్రికెట్ పందెమనియు, రంగుల ఆట అనియు అది పలు పేర్లతో వచ్చుచున్నది. దీనిని గూర్చి సంఘములలో మాటలాడునప్పుడు మనము సాధారణముగా పడినవానినే మందలించుచున్నాము. దురాశ పాపమే, సందేహము లేదు. సామెతలు 13:11ను మొదటి తిమోతి 6:9ను మన పిల్లలకు నేర్పవలసినదే. అయితే గొయ్యి త్రవ్వినవాని మాట ఎవరు ఎత్తుదురు?

ఆ గొయ్యి ఎట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది. మొదట చేరినవానికి కొంత సొమ్ము ఉచితముగ ఇత్తురు. చిన్న పందెములలో గెలుపు కనబడును. తరువాత ఓటమి మొదలగును; పోయినది రాబట్టుకొనవలెనను ఆత్రమే అతనిని కూర్చుండబెట్టును. రమ్మీవంటి ఆటలలో ఎవరు గెలిచినను ఎవరు ఓడినను ప్రతి ఆటమీద కంపెనీకి వాటా ముట్టును. పూర్వము చెరకు బిల్లు చేతికి వచ్చు దినములలో పేకాటవారు ఎక్కడ చేరుదురో ఊరిలో తెలిసిపోవును. ఆ గదికి ఒక తలుపు ఉండును, తెల్లవారినచో ఆట ముగియును. ఇప్పుడు తలుపు లేదు. గల్ఫునుండి కుమారుడు పంపిన డబ్బు తల్లి ఖాతాలో పడిన అర్ధగంటలో, ఇంటిలో మరియొకని వ్రేలి క్రింద అది మాయమగుచున్నది. 2024లో బోధనుకు సమీపమున ఒక గ్రామములో ఇట్టి అప్పుల భారము క్రింద ఒక కుటుంబమే లేకుండ పోయెను. ఆ వార్త చదివినవారు ఇంకను మరచియుండరు.

ఇక ప్రభుత్వపు చట్టము ఈ గొయ్యిని ఎట్లు చూచెను? మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో పందెములు, జూదము రాష్ట్రముల అధికారములోని విషయములు. మన ప్రాంతమున నిజాము కాలమున 1305 ఫసలీలో చేసిన హైదరాబాదు జూదపు చట్టము ఉండెను. ఆ చట్టము క్రిందనే సికింద్రాబాదులోని ఒక క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1967 నవంబరు 22న తీర్పు వచ్చెను. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నేర్పు కావలెను, కాబట్టి అది ప్రధానముగా నైపుణ్యపు ఆటయే గాని కేవలము అదృష్టపు ఆట కాదని న్యాయమూర్తులు చెప్పిరి.

అరువది యేండ్లకు దగ్గరగా దేశములోని రమ్మీ వ్యాపారులు ఈ మాటనే పట్టుకొని యున్నారు. కాని అదే తీర్పులో మరియొక మాట గలదు. క్లబ్బువారు కుర్చీకి, పేకముక్కలకు కొద్ది రుసుము పుచ్చుకొనుట లాభార్జన కాదు. అయితే ఇంటి యజమానుడు గాని క్లబ్బు గాని పందెపు ఆటనుండి లాభము తీయుచున్నట్లు సాక్ష్యమున్నయెడల నేరము రుజువు కావచ్చునని ఆ న్యాయస్థానమే చెప్పెను. అనగా ఆడువాని నేర్పు ఒక ప్రశ్న, ఇంటివాని లాభము వేరొక ప్రశ్న. మొదటి భాగము ప్రకటనలకెక్కెను, రెండవది మరుగునపడెను. నా మట్టుకు నాకు ఆ రెండవ మాటలోనే పిట్టగోడ కనబడుచున్నది.

తరువాత 1974 నాటి గేమింగ్ చట్టము వచ్చెను. అందులోను నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఉండెను. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఆ చట్టమును సవరించి, నైపుణ్యపు ఆటయైనను ఫలితము తెలియని దానిమీద డబ్బు ఒడ్డినచో అది పందెమేయని చేర్చి, ఇంటర్నెట్టు ఆటలనుకూడ నిషేధించెను. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే మార్గము పట్టెను. మంచిదే. అయితే కంచె మన రాష్ట్రముచుట్టు మాత్రమే వేసితిమి. ఫోనునకు సరిహద్దు ఏది? తాము వేరే రాష్ట్రములో ఉన్నట్లు ఫోనునకు చూపి ఆడిన యువకులు ఎందరో. పైగా 2023 అక్టోబరు 1నుండి ఈ ఆటలలో వేసిన పూర్తి సొమ్ముమీద నూటికి 28 వంతున జీఎస్టీ విధింపబడెను. గొయ్యిని పూడ్చక దాని యొడ్డున సుంకపు ఠాణా పెట్టినట్లున్నదని అనిన కఠినమగునేమో, కాని తోచినది వ్రాయుచున్నాను.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి ఒక చట్టము చేసెను. లోక్‌సభ 20వ తేదీన, రాజ్యసభ 21న ఆమోదించగా, 22న రాష్ట్రపతి సమ్మతి లభించెను. నైపుణ్యమైనను అదృష్టమైనను, డబ్బు కట్టి డబ్బు ఆశించు ఆన్‌లైను ఆట దేనినైనను నడుపరాదని దాని సారము. నడుపువానికి మూడేండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జరిమానా; ప్రకటనలు చేయువానికి రెండేండ్లవరకు చెర, ఏబది లక్షలవరకు జరిమానా. డబ్బు చేరవేయు బ్యాంకులును తప్పించుకొనలేవు. ఆడినవానికి మాత్రము శిక్ష లేదు. అతనిని నష్టపోయినవానిగా ఎంచిరి. నలుబది యైదు కోట్లమంది ఇరువది వేల కోట్లకు పైగా పోగొట్టుకొనిరని ప్రభుత్వము అప్పుడు తన అంచనా చెప్పెను. పెద్ద కంపెనీలు కొన్ని వెంటనే డబ్బు ఆటలు నిలిపివేసెను, కొన్ని న్యాయస్థానములకెక్కెను. ఆ వ్యాజ్యములను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన యొద్దకు తెప్పించుకొనెను.

పడినవానిని వదలి గొయ్యి త్రవ్వినవానిని పట్టుకొనిన ఈ మలుపు మన పాఠ్యభాగమునకు చాల దగ్గరగ ఉన్నది. అయితే గొయ్యిని పూడ్చుట వేరు, దానికి గోడ కట్టుట వేరు. బ్రిటనువారు రెండవ మార్గమున నడిచిరి. అక్కడ 2005 చట్టము ప్రకారము లైసెన్సు పుచ్చుకొని జూదము నడుపవచ్చును. కాని 2020 ఏప్రిలునుండి క్రెడిటు కార్డుతో, అనగా అప్పు డబ్బుతో పందెము వేయనీయరు. తన్ను రానీయవద్దని ఒకడు ఒక్కసారి పేరు వ్రాయించుకొనినచో లైసెన్సు గల ఆన్‌లైను కంపెనీలన్నియు అతనికి తలుపు మూయవలెను. 2025నుండి కొన్ని ఫోను ఆటలలో ఒక్క పందెమునకు అయిదు పౌండ్లు మించరాదు, ఇరువదియైదేండ్లు నిండనివారికి రెండే పౌండ్లు. మన దేశములో నిషేధించిన పిమ్మట ఇట్టి గోడలకు తావు లేదు. దొంగచాటుగ విదేశమునుండి నడుచు ఆటలో పేరు తీసివేయుమని ఎవరిని అడుగుదుము? నిషేధము మేలని నేనును తలంచుచున్నాను, కాని దాని బలహీనత ఇక్కడ నున్నది. చట్టము నిలిచిన చోటనుండి ఇంటివారి కావలి మొదలు కావలెను.

బైబిలులో చీట్లు వేయలేదా అని కొందరు అడుగుదురు. వేసిరి. కనాను దేశము పంచుకొనునప్పుడు వేసిరి, మత్తీయను ఏర్పరచుకొనునప్పుడు వేసిరి. అక్కడ ఒకని నష్టము మరియొకని లాభము కాలేదు. పరుని వస్త్రములకొరకు చీట్లు వేసినవారు సిలువ క్రింది సైనికులు. మన ఊళ్లలో నెలనెలా కట్టు చీటీలనుకూడ దీనితో కలుపరాదు. అందులో కట్టినవాని సొమ్ము అతనికే తిరిగి చేరును. కాని పంట పండుగ దినమున కొన్ని సంఘములలో టిక్కెట్లు అమ్మి లక్కీ డ్రా తీయుచున్నారు. కార్యము మంచిదే కావచ్చును, పది రూపాయలే కావచ్చును. ఆ టిక్కెట్టు కొనిన బాలునికి ఆదివారపు బడిలో ఈ పాఠము ఏ ముఖముతో చెప్పుదుము?

ఇంటిలో ఒకడు ఇదివరకే పడియున్నయెడల, మొదట అతని అప్పులన్నిటిని ఒక కాగితముమీద వ్రాయింపుడు. ఒక భాగము దాచియుంచును. దానికై కోపపడక రెండవసారి అడుగుడు. మొత్తము తెలియకముందే పొలము అమ్మి అప్పు తీర్చుట తొందరపాటు, ఏలయనగా చేతిలో మరల డబ్బు ఆడినచో ఆటయు మరల మొదలగును. అతని సమ్మతితో బ్యాంకు ఖాతాను, ఫోనులో డబ్బు పంపు ఏర్పాటును కొన్నాళ్లు భార్య గాని తండ్రి గాని చూచుకొనవలెను. అప్పు ఇచ్చిన యాప్‌వారు బంధువులకు ఫోటోలు పంపుదుమని బెదరించినచో భయపడకుడు. ఫోనులోని పేర్లను, ఫోటోలను అట్టివారు తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆజ్ఞాపించినది. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును. మోసముచేత డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను. త్వరగ తెలిపినచో ఆ సొమ్మును బ్యాంకులో నిలుపుటకు వీలుండును. అతడు బ్రదుకు చాలించుకొందునని మాటలాడినచో దానిని బెదరింపుగ ఎంచకుడు, ఆ రాత్రి ఒంటరిగ విడువకుడు. 14416కు ఫోను చేసినచో ఏ వేళనైనను తెలుగులో మాటలాడువారు గలరు, రుసుము లేదు.