పుర్రె బొమ్మ ఎవరి కోసం?

ఫోన్లో పిల్లలు యుద్ధం ఆటలాడుతున్నారని కర్ణాటకలోని మన చిక్కబళ్లాపురం జిల్లాలో, బాగేపల్లి, చింతామణి వైపు తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. ఆ దిగులు న్యాయమైనదే. ‘కంపెనీ ఆఫ్ హీరోస్’ సంగతే చూడండి. 1944లో ఫ్రాన్సులోని నార్మండీలో జరిగిన పోరాటం మీద అల్లిన ఈ వ్యూహపు ఆట 2006లో కంప్యూటర్లకు వచ్చింది, 2020లో ఫోన్లకూ వచ్చింది. అమెరికాలో దానికి ఇచ్చిన వయసు గుర్తు 17 ఏళ్లు నిండినవారికని. పన్నెండేళ్ల పిల్లల చేతిలో అది ఉండకూడదు. ఆ మాట మెత్తగా చెప్పండి, కానీ చెప్పి తీరండి. ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం వాళ్లు స్నేహితుల ఫోన్లలో ఆడతారు, మీతో ఆ కబుర్లు చెప్పడం మానేస్తారు.

వద్దనే ముందు ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. ఆటలో మందుపాతరలు ఎలా పాతుతారో, ఎలా వెతికి తీస్తారో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాత మీరొక ప్రశ్న అడగండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు మందుపాతరలున్న చోట పుర్రె బొమ్మ గీసి, ‘ఆఖ్టుంగ్ మీనెన్’ అని పలకలు పాతేవారు. జాగ్రత్త, మందుపాతరలున్నాయని. ఫ్రాన్సు నేలలో పాతిన పలక మీద జర్మన్ ఎందుకు రాశారు? పిల్లలు ఇట్టే చెప్పేస్తారు: తమ సైనికులు కాలు పెట్టకుండా ఉండాలని. ఆ పొలం దున్నుకునే రైతు వాళ్ల లెక్కలో లేడు. శత్రువును మోసం చేయడానికి ఒక్క మందుపాతరా లేని చోట కూడా అలాంటి పలకలు పెట్టారు. ఆటలో సైనికుడు పోతే ఇంకొకణ్ణి దించుకోవచ్చు. యుద్ధం ముగిశాక ఆ నేలలో పశువులు తోలుకెళ్లినవాళ్ల కాళ్లు తిరిగి రాలేదు. ఈ తేడా పిల్లలకు మీ నోటితో చెప్పాలి, ఆట చెప్పదు.

ఇలాంటి హెచ్చరికను పిల్లల కోసమే తయారుచేసిన సందర్భం కూడా ఉంది. 1996లో బోస్నియా పిల్లలకు మందుపాతరల గురించి చెప్పడానికి యూనిసెఫ్ తోడ్పాటుతో సూపర్‌మ్యాన్ బొమ్మల పుస్తకం వేశారు. అక్కడ రెండు లిపులు వాడుకలో ఉన్నాయి కాబట్టి లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ అచ్చువేశారు. అడుగు వేసేవాళ్లు ఏ అక్షరాలు చదవగలరో ముందు అది చూశారన్నమాట.

మన ఇళ్లకు ఇది సూటిగా తగిలే సంగతి. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది కన్నడమో ఇంగ్లీషో. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టే ప్రమాద సూచన పుర్రె, ఎముకల గుర్తుతో పాటు హిందీలో లేదా ఇంగ్లీషులో, దానితో పాటు ఆ జిల్లా భాషలో ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. చిక్కబళ్లాపురం జిల్లాలో అది కన్నడం. పిల్లలు చదివేస్తారు. ఆంధ్రలోని గోరంట్ల నుంచో హిందూపురం నుంచో కోడలిగా వచ్చిన అవ్వ తెలుగు బడిలో చదువుకుని ఉంటే, లేదా బడి మొహమే చూడకపోతే, ఆ బోర్డు మీద ఆమెకు అర్థమయ్యేది పుర్రె ఒక్కటే. అందుకని ఇంట్లో బోర్డులు చదివి చెప్పే పని పిల్లలకే అప్పగించండి. తోటకు పోయే దారిలో కనిపించిన హెచ్చరికనల్లా అవ్వకు తెలుగులో చెప్పమనండి. ఆటలో చూపించే చురుకు ఇక్కడా చూపిస్తారు, పెద్దపని చేస్తున్నామన్న సంతోషమూ వాళ్లకు ఉంటుంది.

ముందుగా చదివించాల్సింది పురుగుమందు డబ్బాలు. చింతామణి చుట్టుపక్కల టమాటా పండించే ఇళ్లలో అవి పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు, అందులో కింది సగానికి రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం, దాని మీద పుర్రె కూడా ఉంటుంది. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరిది ఆకుపచ్చ. ఆటల్లో ఆకుపచ్చ అంటే భయం లేదని పిల్లలు నేర్చుకుని ఉంటారు. డబ్బా మీద ఆకుపచ్చ అంటే విషం కాస్త తక్కువని మాత్రమే. ఖాళీ డబ్బాతో నీళ్లు ముంచకూడదని, మూత తీసి వాసన చూడకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పండి.

బోర్డే లేని ప్రమాదం సంగతి మరీ ముఖ్యం. 2021 ఫిబ్రవరి 23న తెల్లవారకముందే మన జిల్లాలోని హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ కడ్డీలు పేలి 6 మంది చనిపోయారు. రాతి క్వారీలో వాడేందుకు తెచ్చినవి అవి. పోలీసుల సోదాలకు భయపడి దాచిపెట్టినవాటిని వదిలించుకోబోతుండగా పేలాయని అప్పట్లో పోలీసులు చెప్పారు. దాచిన సరుకు దగ్గర ఎవరూ పుర్రె బొమ్మ పెట్టరు. కాబట్టి బోర్డు లేదు గనుక పోవచ్చు అన్న లెక్క పిల్లల మనసులో ఉండకూడదు. క్వారీ దగ్గర ఎర్రజెండా కనిపించినా, సైరన్ వినిపించినా వెనక్కి తిరగాలి. అవేవీ లేకపోయినా క్వారీ గుంతల వైపు ఆడుకోవడానికి పోకూడదు.

రాళ్ల మధ్య రంగు తీగలు గానీ, కాగితం చుట్టిన కడ్డీలు గానీ, చిన్న లోహపు గొట్టాలు గానీ కనిపిస్తే ముట్టుకోవద్దని, రాయి విసరవద్దని, ఇంటికి తేవద్దని ఈ రోజే చెప్పండి. వచ్చిన దారినే వెనక్కి వచ్చి పెద్దలకు చెప్పాలి. పెద్దలు 112కు ఫోన్ చేయాలి. అలా వచ్చి చెప్పిన పిల్లల్ని, అక్కడికెందుకు పోయావని మాత్రం దయచేసి కొట్టకండి.